తెర వెనక మొదలియారు గొంతు

పోయిన వారం మనం గురవమ్మను తిరుపతిలో శఠగోపంగారి గడప బయట నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చంకలో గుడ్డసంచీ, కాళ్ళకు ఎర్రమట్టి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయిన కళ్ళు. లోపల ఆ ఇంటి రెండో కూతురు కుముదవల్లి ఏం చెప్పాలో తోచక గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి కదా. నగరికి అవతల, తమిళనాడు సరిహద్దుకు కూతవేటు దూరంలో మొగిలిపట్టెడ అని ఒక మగ్గాల ఊరు. అక్కడ దామోదర మొదలియారుకు మరమగ్గాల షెడ్లున్నాయి. ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో కూలీలు సమ్మె కట్టారు. టెలిఫోన్లో ఏం మాట్లాడినా ఎక్స్ఛేంజీలో ఎవరో ఒకరు వినేసి, టీ చల్లారేలోగా ఊరంతా చాటేస్తున్నారని మొదలియారుకు గట్టి అనుమానం. అప్పుడు ఆయనకు దొరికింది కుముదవల్లి. గుళ్ళో దివ్యప్రబంధం చదివే ఇంటి పిల్ల, ఫిజిక్సులో ఎమ్మెస్సీ, ఆడపిల్లల కాలేజీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం. మాటను పరారుణ కిరణం మీదికెక్కించి, తీగన్నది లేకుండా, షెడ్డు మిద్దె మీంచి రోడ్డవతలి బంగళా మిద్దె మీదికి పంపే పెట్టెలు తయారుచేసి ఇచ్చింది. ఆ వెలుగు కంటికి కనబడదు. మధ్యలో చెయ్యి అడ్డంపెడితే మాట ఠక్కున ఆగిపోతుంది.

"ఇది రేడియో కాదండీ, నాలుగు దిక్కులా పాకడానికి. తిన్నగా పోతుంది, తిన్నగా దిగుతుంది. బయటినుంచి వినడం ఎవరి తరమూ కాదు" అని చెప్పింది.

ఆ మాట ఆమె రెండుసార్లు చెప్పింది, అదే వచ్చిన చిక్కు. మొదటిసారి పెట్టెలు బిగించినప్పుడు. రెండోసారి సబిన్‌స్పెక్టరు ఎదుట. ఎందుకంటే, మగ్గాలను లారీలకెక్కించి సరిహద్దు దాటించెయ్యాలని మొదలియారు వేసిన ఎత్తు కూలీలకు ముందే తెలిసిపోయింది. వాళ్ళంతా వెళ్ళి రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. బయటివాళ్ళు వినలేరంటే లోపలివాడే మోసి ఉండాలి. లోపలివాడంటే మిద్దె మీద పెట్టెకు కాపలా ఉండే మునస్వామి. అతన్ని ఠాణాకు తీసుకుపోయారు, ఇంతవరకూ వదల్లేదు.

ఆ మునస్వామి పెళ్ళామే ఈ గురవమ్మ. గడప బయటి నుంచి ఆమె అన్న మాట దగ్గరే పోయిన వారం ఆగాం: "నీ పెట్టె మాట్లాడేది నేనూ విన్నానమ్మా."

"విన్నావా? ఎక్కడ?" అంది కుముదవల్లి.

"టూరింగ్ టాకీసులో."

కుముదవల్లికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"దయ్యమంటా వుండారమ్మా జనం. పొద్దుగూకే యాళకి, ఇంకా రికార్డులు కూడా ఎయ్యకముందు, తెర ఎనకాల మొదలియారు గొంతు పలుకుతాదంట. నేనూ నమ్మలేదు. నిన్న పోయి ఇసకలో కూచున్నా. పలికింది. ‘బియ్యం మూట యాడ దించినారు’ అనింది. ఆ దగ్గు నాకు తెలవదా? మా యింటాయన ఆయనకాడ ఎన్నేండ్లు పన్జేసినాడు!"

"ఏ రేడియోనో అయ్యుంటుంది గురవమ్మా."

"రేడియోలో బియ్యం మూటలు అడుగుతారా తల్లీ?"

నడవలో పంచాంగం చూసుకుంటున్న శఠగోపంగారు తలెత్తారు. కూతురు పెట్టెల గొడవలో ఆయన ఏనాడూ తలదూర్చినవాడు కాదు.

"వెళ్ళిరా కుముదం" అన్నారు. "అబద్ధమైతే బస్సు చార్జీ పోతుంది, అంతే గదా. నిజమైతే మాత్రం ఒకడు నీ మాట మీద లోపల కూచోనుండాడు."

"నా మాట మీద కాదు నాయనా..."

"మరెవరి మాట మీదమ్మా?"

ఆమె లోపలికి పోయి చీర మార్చుకుంది.

బస్సు పుత్తూరులో ఆగినప్పుడు, అక్కడి వైద్యుల దగ్గర విరిగిన చేతులకు, కాళ్ళకు కట్లు కట్టించుకున్నవాళ్ళు నలుగురైదుగురు ఎక్కారు. ఆకుపసరు వాసన బస్సంతా కమ్మింది. గురవమ్మ ఆ కట్లవైపే గుడ్లప్పగించి చూసింది.

"మా యింటాయన్ని కూడా ఈడికే తీసుకరావాల్నేమో" అంది. "మొన్నటిదాకా సంగటి తీసుకపోతే లోపలికి పంపిస్తా వుండిరి. నిన్న గిన్నె ఎనక్కి ఇచ్చేసినారు. లేసి కూచునేదానికి కాలేదంట."

కుముదవల్లి కిటికీ వైపు తిరిగింది. నేను ఎవర్నీ కొట్టమనలేదు, నేను చెప్పింది ఫిజిక్సు, అనుకుంది. నాలుగుసార్లు అనుకున్నా గుండె మీది బరువు దిగలేదు.

మొగిలిపట్టెడలో దిగేసరికి మబ్బు పట్టి ఉంది. మగ్గాల చప్పుడు లేని ఆ ఊరు చావింటిలాగా ఉంది. వీధి అరుగుల మీద మగవాళ్ళు పనిలేక కూర్చుని, కుముదవల్లిని చూసి గుర్తుపట్టి మొహాలు తిప్పుకున్నారు. "ఆ యమ్మే" అని ఎవరో అనడం ఆమెకు వినబడింది.

రోడ్డు మలుపులో నిలబడి చూసింది. ఎడమచేతి వైపు షెడ్డు మిద్దె, దాని మీద తను బిగించిన రేకుపెట్టె. కుడిచేతి వైపు బంగళా మిద్దె, దాని మీద ఇంకొకటి. బంగళాకు సరిగ్గా వెనక, రాళ్ళ బీట్లో, మాసిన గుడ్డల డేరా.

పెట్టెలు బిగించిన నాడు అక్కడ డేరా లేదు. చెనిక్కాయలు పీకేసిన బీడు మాత్రం ఉండింది, నాలుగు మేకలు మేస్తుండినాయి.

"ఇది ఎప్పుడొచ్చింది ఇక్కడికి?"

"ముందర చెరువు పక్క వుండె. లైసెన్సు గడువైపోతే డేరా పీకి ఇంగో చోట నాటాల గదమ్మా, సర్కారు రూలు. పోయిన నెల ఈడ నాటినారు."

టార్చిలైటు వెలుగు దగ్గర్లో రూపాయి బిళ్ళంత పడుతుంది, దూరం పోయేకొద్దీ జల్లెడంత అవుతుంది. కిరణమూ అంతే. పైగా, గాలికి పెట్టె కదిలినా మాట తెగిపోకూడదని కుముదవల్లే దాన్ని కావాలని కాస్త వెడల్పు చేసింది. బంగళా మీది పెట్టెలోని అద్దం పట్టుకున్నంత పట్టుకోగా మిగిలిన వెలుగు అటూ ఇటూ దాటుకుని పోతూనే ఉంటుంది. పోతే పోనీ, వెనకంతా బీడే కదా, మేకలు వింటాయా అనుకుంది. రెండు పెట్టెల మధ్య ఏముందో అంగుళం అంగుళం చూసిన మనిషి, రెండో పెట్టె వెనక రేపు ఏమొస్తుందో ఆలోచించలేదు. ఆ సంగతి గుర్తు లేకుండానే సబిన్‌స్పెక్టరు ఎదుట తలెత్తి, ఎవరి తరమూ కాదని చెప్పేసింది.

డేరాలో ఇంకా ఎవరూ లేరు. ఇసక మీద నిన్నటి చెనిక్కాయ పొట్టు, బీడీముక్కలు. "నువ్విక్కడ కూచో, నేను మాట్లాడొస్తా" అని గురవమ్మను తెర ముందర కూర్చోబెట్టి, కుముదవల్లి వెనక ఉన్న ఇటుకల గదిలోకి పోయింది. రేకు తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలోంచి బంగళా మిద్దె తిన్నగా కనబడుతోంది.

లోపల లుంగీ కట్టుకున్న ఒక ముసలాయన ప్రొజెక్టరు పక్కమూత విప్పి, మెత్తటి గుడ్డతో ఏదో తుడుస్తున్నాడు. మెడలో నల్లతాడుకు చిన్న శిలువ. పేరు సుందరరాజు, ఆ టాకీసులో సినిమా తిప్పేది ఆయనే.

"టికెట్లు ఇంకా ఇయ్యలేదమ్మా" అన్నాడు తల తిప్పకుండా. "పోయి బయట కూచో."

"మొదలియారు మాటలు వినబడేది ఇందులోనేనా?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన మెల్లిగా తల తిప్పి, ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవురమ్మా నువ్వు? మొదలియారు మనిషివా?"

"ఆ పెట్టెలు చేసింది నేను."

"నువ్వా!" అన్నాడు సుందరరాజు. స్టూలు మీద కూలబడ్డాడు. "ఎవురో పెద్ద ఇంజనీరనుకున్యా. ప్రభువా... ఇంత పిల్లవా!"

ఆమె ఆయన్ని దాటుకుని వచ్చి ప్రొజెక్టరులోకి తొంగిచూసింది. మూత విప్పిన చోట, బొటనవేలంత గాజుబుడ్డి తలుపుకు ఎదురుగా మిలమిల్లాడుతోంది. ఫోటోసెల్లు. ఫిల్ము అంచున సన్నటి చారలుగా అచ్చయిన ధ్వని మీద దీపం పడుతుంది, చారల్లోంచి వచ్చిన వెలుగు హెచ్చుతగ్గులను ఈ బుడ్డి కరెంటుగా మారుస్తుంది, స్పీకరు మాట్లాడుతుంది. దీనికి తన దీపం, పరాయి దీపం అన్న తేడా తెలియదు. అసలు ఈ రకం బుడ్డికి మామూలు వెలుగుకంటె పరారుణమే ప్రీతి. ఈ పాఠం కుముదవల్లి ఏటేటా పిల్లలకు చెబుతూనే ఉంది. బోర్డు మీద బొమ్మ కూడా గీస్తుంది. ఆమెకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నేనేం చెవి పెట్టి వినలేదమ్మా" అన్నాడు సుందరరాజు. "ఆటకు ముందర ఆంప్లిఫయరు వేడెక్కాల. ఆ పొద్దు దీన్ని విప్పి తుడస్తా వుండా. లోపల ఉడకేసి తలుపు తెరిసి పెట్టినా. తెర ఎనకాల ఎవురో దగ్గినారు. నా స్పీకర్లో నాకు తెలవకుండా దగ్గేది ఎవుడబ్బా అని పోయి సూసినా, మనిషి లేడు. మళ్ళా మాట. ‘లారీలు శుక్రారం పొద్దున’ అని."

"విని ఊరుకోలేదు కదా మీరు. కూలీలకు చెప్పారు."

"చెప్పినా. మా అల్లుడు ఆ మగ్గాల మీదే బతికేది. మగ్గాలు ఎలబారిపోతే నా బిడ్డ ఇంట్లో పొయ్యి రాజదు. నువ్వైతే చెప్పవా?"

"మునస్వామిని పట్టుకుపోయారని తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నోరు మూసుకుని సినిమాలు తిప్పుకుంటున్నారా? మీకు మనసెలా వచ్చింది?"

ఆమె గొంతు లేచింది. సుందరరాజు గొంతు అంతకంటె పైకి లేచింది.

"ఏం జెయ్యమంటావు? పోయి, సారూ నేనే విన్నా, వాన్ని ఇడిసిపెట్టి నన్ను తన్నండి అనాల్నా? నా వయసుకు ఒక్క దెబ్బకు తట్టుకుంటానా? నన్నంటా వుండావే, ఎవురి తరమూ కాదని చెప్పింది నువ్వు గదా! తిరుపతి నుంచి వచ్చిన సదువుకున్న పిల్ల చెప్పింది గాబట్టి మునస్వామే దొంగ అని ఊరంతా అనింది. ఆ మాటతోనే వాని ఈపు పగిలింది. నేను నోరు మూసుకున్నా, ఒప్పుకుంటా. నువ్వు నోరు తెరిసినావు. మన యిద్దరిలో ఎవురు ఎక్కువ పాపం జేసినారో ఆ ప్రభువుకే తెలవాల."

కుముదవల్లి గోడకు ఆనుకుంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ముందు ఏడవకూడదని పెదవి కొరుక్కుంది గానీ కళ్ళు మాట వినలేదు. మొదలియారు ఈ పెట్టెల సంగతి నగరిలో, పుత్తూరులో పదిమంది షావుకార్లకు చెబుతానన్నాడు. కాలేజీ ల్యాబులో ఒకరి కింద పరికరాలు తుడిచే ఉద్యోగం మానేసి, తిరుపతిలో సొంతంగా చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలని ఆమె ఎన్నో కలలు కన్నది. ఆ గుమ్మంలో నిలబడి అదంతా చేజారిపోతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఏడుపు మాత్రం దాని గురించి కాదు.

"నేను ఠాణాకు పోతా" అంది ముక్కు తుడుచుకుని. "నా పెట్టెలోంచి మాట బయటికి కారుతోంది, బీట్లో నిలబడితే ఎవరైనా వినొచ్చు, నేను చెప్పింది తప్పు అని చెప్తా. మీ పేరు రానివ్వను."

"ఎట్ల కనిపెట్టినావని అడగరా?"

"పరీక్ష చేసి చూశానంటా. చేసిన మనిషినే కదా, నమ్ముతారు."

"నిన్ను నమ్మితే మొదలియారు నిన్ను బతకనిస్తాడా?" అన్నాడు సుందరరాజు. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"ఒక్కసారి నేను కూడా నా చెవులతో వినాలి. విన్నాక పోతా."

"పొద్దుగూకుతానే మాట్లాడతాడు. ఉండు." ఆయన లేచి ఆంప్లిఫయరు మీట వేశాడు. వాల్వులు మెల్లిగా ఎర్రబడ్డాయి. "ఒక సంగతి. ఒక పక్కే వినబడతాది. షెడ్డులో నుంచి మొదలియారు అడిగేది వస్తాది. బంగళాలో ఉండే గుమాస్తా గంగాధరం ఏం చెప్పేదీ రాదు."

"రాదు" అంది కుముదవల్లి. "బంగళా మీది పెట్టె మొహం షెడ్డు వైపు ఉంటుంది. గంగాధరం జవాబు మనకు వీపు తిప్పి అటు పోతుంది."

బయట మబ్బు నల్లబడింది. స్పీకరు గుయ్యిమని సన్నగా మోగుతోంది. ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు.

దగ్గు వినబడింది. డేరా మొత్తం నిండిపోయేంత పెద్ద దగ్గు.

"గంగాధరం, వినబడతా వుండాదా?"

ఎంత స్పష్టంగా ఉంది! ఒక్క అక్షరం చెదరలేదు. కుముదవల్లి గుండె ఒక్క క్షణం పొంగింది, తను చేసిన పని కదా మరి. అలా పొంగినందుకు ఆమె తరవాత ఎన్ని రాత్రులు తనను తాను తిట్టుకుందో లెక్కలేదు.

"ఊ... ఎవురొచ్చినారు? ఠాణా నుంచా?"

నిశ్శబ్దం. గంగాధరం ఏదో చెబుతున్నాడన్నమాట.

"మద్దేన్నమా? మద్దేన్నం జరిగితే ఇప్పుడా చెప్పేది? ఇంతసేపూ ఏం పీకతా వుండావప్పా?"

మళ్ళీ నిశ్శబ్దం. సుందరరాజు శిలువను పిడికిట్లో పట్టుకున్నాడు.

"నేను కొట్టమన్నానా? భయం పెట్టమన్నా. ఆ నా కొడుకులకు భయం పెట్టేదానికీ కొట్టేదానికీ తేడా తెలవదా?"

కుముదవల్లికి అప్పుడు గుర్తొచ్చింది గురవమ్మ. తెర ముందర కూర్చోబెట్టి వచ్చింది కదా! ప్రొజెక్టరు వెలుగు తెర మీదికి పోయే చదరపు కంతలోంచి చూసింది. ఇసకలో గురవమ్మ లేచి నిలబడుతోంది.

"తగ్గించండి, ఆపేయండి, ఆమె వింటోంది!" అని అరిచింది. సుందరరాజు చెయ్యి మీట మీదికి పోయింది.

"ఆపొద్దు!" అని కేక వేసింది గురవమ్మ. వెనక్కి తిరగనైనా తిరగలేదు. "ఆపినావంటే నీ చేతులు పడిపోతాయి. ఆపొద్దు!"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"డాక్టరు వద్దు" అంది మొదలియారు గొంతు. "డాక్టరొస్తే కాయితం రాస్తాడు. వద్దు. పారిపోయినాడని చెప్పుకోమను. సరిహద్దు దాటి అరవదేశంలోకి పారిపోయినాడని. పెండ్లాం వచ్చి అడిగినా అదే చెప్పు... ఎవురు నమ్మరు? నమ్మకేం జేస్తారు? లోపలోడే మోసినాడని ఆ తిరుపతి పిల్ల ఎస్సై ముందర చెప్పనే చెప్పింది గదా. దొంగోడు పారిపోక నిలబడతాడా?"

కుముదవల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఠాణాకు పోయి ఏ మాట వెనక్కి తీసుకోవాలనుకుందో, ఆ మాటతోనే వాళ్ళు ఆ మనిషిని మాయం చెయ్యబోతున్నారు. ఆమె గదిలోంచి బయటికి పరుగెత్తింది. ఇసకలో కాళ్ళు కూరుకుపోతున్నాయి.

"ఉండు, ఉండు" అన్నాడు మొదలియారు. గొంతు తగ్గించి అన్నాడు, అయినా తెర వెనక అది దగ్గరగా, పక్కన కూర్చుని అడుగుతున్నట్టే వినబడింది. "అదంతా తరవాత. ముందర ఇది చెప్పు. వానికి ఊపిరుండాదా, లేదా?"

స్పీకరు గుయ్యిమంటోంది.

గురవమ్మ తెర దగ్గరికి పోయింది. రెండు అరచేతులూ ఆ తెల్లగుడ్డకు ఆనించి, చెవి ఆనించి నిలబడింది. "చెప్పయ్యా" అంది. "చెప్పు, సామీ. గెట్టిగా చెప్పు."

బంగళా మిద్దె మీంచి జవాబు అప్పుడే షెడ్డు వైపు పోతూ ఉండాలి. కుముదవల్లి డేరా మధ్యలో ఆగిపోయి అటు చూసింది. మబ్బు, ఒకదాని వెనక ఒకటిగా రెండు మిద్దెలు. చూడటానికి ఏమీ లేదు.

"అట్లనా" అన్నాడు మొదలియారు.

స్పీకర్లో మొదలియారు మీట నొక్కిన చప్పుడయింది. ఆ తరవాత ఇంకేమీ రాలేదు.

గురవమ్మ మెల్లిగా ఇటు తిరిగింది. ఆమె మొహంలో ఏడుపు లేదు. వచ్చి కుముదవల్లి చెయ్యి పట్టుకుంది.

"అట్లనా అంటే ఏమమ్మా?" అని అడిగింది. "నువ్వు చేసిన పెట్టేగదా, నీకు తెలుస్తాది. చెప్పు తల్లీ, ఉండాడనా, లేడనా?"